అరవై రెండు కిలోల మనిషి

మా ఆసుపత్రిలో మనసు బాగోలేనివాళ్ళను చూసే విభాగం మేడ మీద ఉంది. అక్కడ నేను ఇరవై ఆరేళ్ళుగా నర్సుని. నాకు నోటి దురుసని అందరూ అంటారు. అంటే అననివ్వండి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అరవై డెబ్బై మందికి బరువు చూసి, బీపీ చూసి, కాగితం మీద ఎక్కించి డాక్టరమ్మ గదిలోకి పంపే మనిషికి తీయటి మాటలు ఎక్కడినుంచి ఊడిపడతాయి? అయితే అలాగే కిందటేడు ఒకావిడ మీద నోరు పారేసుకున్నాను. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు కాటాలు బాగుచేసే ఆయన సంగతి చెప్పాలి. ఇందులో సగం నా కళ్ళముందు జరిగింది, మిగతా సగం ఆయన తర్వాత నాతో చెప్పుకున్నది.

ఆయన్ని ఊరంతా ‘అరవై రెండు’ అంటుంది. ఎదురుపడితే ‘అరవై రెండు గారూ’ అంటుంది. ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఆయన దుకాణం. కొట్లలో, గోదాముల్లో, ఆసుపత్రుల్లో ఎక్కడ కాటా చెడినా ఆయనే బాగుచెయ్యాలి. ఏడాదికోసారి ఆయనే సరిచూసి ముద్ర అంటించాలి. పనిలో ఆయనకొక పద్ధతి ఉంది. పెద్ద కాటా అయితే ముందు సంచీ కింద పెట్టి, చెప్పులు విడిచి, తనే ఎక్కి నిలబడతాడు. అరవై రెండు చూపిస్తే “ఒంట్లో బాగానే ఉంది” అంటాడు. కిలో అటూ ఇటూ అయితే “దీనికి కాస్త జ్వరం తగిలింది” అంటాడు. ఆ తర్వాతే ఇనపరాళ్ళు ఎక్కించి, ఇంకోసారి సరిచూసి ముద్ర వేస్తాడు. రాళ్ళు ఏనాడూ ఆయన మాట కాదనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒంటి బరువు అరవై రెండే.

ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎవరైనా ఎత్తితే “నాకు సరితూగే మనిషి దొరకలేదు లెండి” అని నవ్వేసేవాడు. దుకాణం వెనక గదిలోనే కాపురం. మేడ మీద తమ్ముడూ మరదలూ ఉంటారు. మరదలు రెండు పూటలా బాల్కనీ నుంచి తాడు కట్టి భోజనం క్యారియరు కిందికి దింపుతుంది. ఆయన తిని, కడిగి, అదే తాడుకు కట్టి రెండుసార్లు లాగుతాడు. అది పైకి పోతుంది. మెట్లు ఎక్కాల్సిన పని ఆయనకూ లేదు, దిగాల్సిన పని వాళ్ళకూ లేదు. అందరికీ సుఖంగానే ఉండేది. వారాలకు వారాలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడిచిపోయిన రోజులున్నాయని ఆయన నాతో చాలా మామూలుగా చెప్పాడు.

కిందటేడు ఆయనకు జబ్బు చేసింది. జబ్బంటే జ్వరమో, దెబ్బో కాదు. పొద్దున లేవలేకపోవడం. షట్టరు సగమే ఎత్తి, ఆ సగం వెలుతురులో కుర్చీలో కూర్చుని, బాగుచేయడానికి వచ్చిన కాటాల వంక చూస్తూ ఉండిపోవడం. ఎవరూ పోలేదు, ఏమీ పోలేదు, మోసం చేసినవాళ్ళు లేరు. కారణం లేకపోవడమే ఆయనకు పెద్ద సిగ్గయిపోయింది. ఏ కాటా అయినా తప్పు చూపిస్తే లోపల ఎక్కడో ఒక కారణం ఉంటుందనీ, తనలో మాత్రం విప్పి చూస్తే ఏమీ దొరకలేదనీ డాక్టరమ్మకు చెప్పాడు. డాక్టరమ్మ మాత్రలు రాసింది.

మొదటి వారం సగం మాత్ర వేసుకోమంది. ఈ మహానుభావుడు ఇంటికెళ్ళి మాత్రను విరిచి, రెండు సగాలనూ బంగారం తూచే త్రాసులో పెట్టాడు. వారం తర్వాత వచ్చి, సగాలు సమానంగా ఉండటంలేదనీ, ఒక రోజు ఎక్కువా ఒక రోజు తక్కువా పడుతోందనీ నాకు ఫిర్యాదు చేశాడు. నేను ఆయన వంక ఎలా చూశానో నాకే తెలుసు. “అయ్యా, మింగండి చాలు” అన్నాను.

మాత్రలు పనిచేశాయి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది విని రేపు ఎవరైనా మాత్రలు పారేస్తే ఆ పాపం నాకొద్దు. రెండో నెలకు షట్టరు పూర్తిగా లేచింది. మూడో నెలకు గడ్డం గీసుకున్నాడు. కానీ ఇచ్చిన చేత్తోనే మాత్రలు వేరేవి తీసుకున్నాయి. నోరు ఎండిపోయేది. పదకొండు గంటలయ్యేసరికి కళ్ళు మూతలు పడేవి. చేతులు సన్నగా వణికేవి. చిమటాతో పట్టుకుని అర గ్రాము రాయిని పళ్ళెంలో పెట్టే మనిషికి చెయ్యి వణకడమంటే ఏమిటో ఆలోచించండి. పైగా ఆకలి. క్యారియరు ఖాళీ అయ్యాక కూడా ఆకలి. ఇంకాస్త పెట్టమని పైకి కేకేయడానికి మొహమాటం. అందుకని తనను ఎరగనివాళ్ళుండే వీధి దాకా నడిచి వెళ్ళి, బేకరీ పక్కన గోడవైపు తిరిగి నిలబడి బన్నులు తినేవాడు. ఒకటి కాదు, నాలుగు.

ఈ విషయాల్లో ఒక్కటి కూడా ఆయన ఆసుపత్రిలో చెప్పలేదు. మాత్రలు పడుతున్నాయా, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగితే ఏమీ లేవనేవాడు. అసలు ఆయన మా దగ్గరికి వస్తున్నట్టే ఎవరికీ తెలియదు. మాత్రలు చిన్న ఇత్తడి రాళ్ళు పెట్టుకునే చెక్కపెట్టెలో దాచేవాడు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని వచ్చేవాడు. చూసినవాళ్ళు ఏదో కాటా బాగుచేయడానికి వచ్చాడనుకోవాలి, అదీ ఆయన ఎత్తు. సంచీలో ఒక స్క్రూడ్రైవరూ ముద్ర కాగితాలూ తప్ప ఏమీ ఉండేవి కావు. రాళ్ళు ఒక్కోటి ఇరవై కిలోలు. మాత్రలకొచ్చే మనిషి వాటినెందుకు మోసుకొస్తాడు?

ఇక నా తప్పు. ప్రతి నెలా నేను అందరినీ కాటా ఎక్కిస్తాను. ఆయన వంతు వచ్చినప్పుడు మాత్రం “నాది అరవై రెండేనమ్మా, రాసేసుకోండి” అనేవాడు. నేను రాసేసుకునేదాన్ని. కాటాలకే బరువు నేర్పే మనిషిని కాటా ఎక్కించడమేమిటని నా తెలివి. మూడు నెలలు, మూడు అరవై రెండులు. ఎదురుగా ఉన్న మనిషి చొక్కా గుండీల మధ్య సందులు పడుతున్నాయి, నా కళ్ళకు ఆనలేదు. ఆయనకూ ఆనలేదు. ప్యాంటు పట్టకపోతే ఉతుకులో కుంచించుకుపోయిందనుకున్నాడు. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. ఆ నెలల్లో బయటి పనులు ఒప్పుకోలేదు, దుకాణానికి వచ్చే చిన్న కాటాలే చూశాడు. కాబట్టి తను ఎక్కి నిలబడే అవసరమే రాలేదు.

నాలుగో నెల ఆయన మాత్రలకు వచ్చిన రోజున మా ఆఫీసు పెద్దాయన మెట్ల మీద ఎదురయ్యాడు. భుజాన సంచీ చూసి తెగ సంబరపడ్డాడు. మా విభాగం కాటాకు ముద్ర గడువు అయిపోయిందట, తనే కబురు చేద్దామనుకుంటున్నాడట, దేవుడిలా వచ్చారన్నాడు. పక్కన ఇద్దరు గుమాస్తాలు, వెనక బెంచీల నిండా జనం. రాళ్ళు తేలేదని చెబితే, మరి సంచీ ఎందుకు తగిలించుకుని వచ్చారని అడుగుతారు. ఆయన నోరు ఎండిపోయింది. అది మాత్రల వల్లో భయం వల్లో తనకే తెలియదన్నాడు.

చెప్పులు విడిచి కాటా ఎక్కాడు. అరవై ఏడు చూపించింది.

నేను అక్కడే ఉన్నాను. ఆయన ఆ అంకె వంక చూశాడు. తర్వాత నా వంక చూసి “అయిదు కిలోలు ఎక్కువ చూపిస్తోంది. బాగా జ్వరమే” అన్నాడు. నేను నవ్వాను కూడా. మాది ఎలక్ట్రానిక్ కాటా. దాన్ని సరిచేయడానికి దాని మీద తెలిసిన బరువు పెట్టి, ఇది ఇన్ని కిలోలు అని మీట నొక్కి దానికి చెప్పాలి. అప్పటినుంచి అది ఆ లెక్కనే అన్నీ తూస్తుంది. ఆయన దాని మీద నిలబడి, వంగి, ఇది అరవై రెండు అని చెప్పాడు. అది నమ్మింది. ముద్ర అంటించి సంతకం పెట్టి, మాత్రలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మా విభాగంలో అద్భుతాలు జరిగాయి. వచ్చినవాళ్ళందరూ తగ్గుతున్నారు. ఒకరు మూడు కిలోలు, ఒకరు నాలుగు. రోజూ నడవండి, నడవండి అని నేను మొత్తుకుంటూ ఉంటాను కదా, ఇన్నాళ్ళకు నా మాట చెవికెక్కిందని మురిసిపోయాను. డాక్టరమ్మ అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. రెండు రోజులు నా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఆరు వారాలు గడిచాయి. మధ్యలో ఒకసారి మాత్రలకు వచ్చినప్పుడు కూడా అరవై రెండేనని చెప్పి రాయించుకుని వెళ్ళాడు. అరవై రెండు గారికి ఓపిక వచ్చింది, బయటి పనులు మళ్ళీ ఒప్పుకున్నాడు. మొదట పాత కాగితాల గోదాముకు వెళ్ళాడు. ఈసారి తోపుడు బండి మీద నాలుగు రాళ్ళూ వేసుకునే వెళ్ళాడు. అలవాటు ప్రకారం ముందు తను ఎక్కాడు. అరవై తొమ్మిదిన్నర. దీనికీ జ్వరమేనని గోదాము యజమానితో అని, మూడు రాళ్ళు ఎక్కించాడు. కాటా సరిగ్గా అరవై చూపించింది. నాలుగోదీ ఎక్కించాడు. సరిగ్గా ఎనభై. రాళ్ళన్నీ దించి తను మళ్ళీ ఎక్కాడు. అరవై తొమ్మిదిన్నర.

కాగితాల మూటల మీద కూలబడ్డాడట. యజమాని మంచినీళ్ళు ఇచ్చాడు. ఎండ దెబ్బ అనుకున్నాడు పాపం. ఈయనకు మాత్రం గుండెల్లో రాయి పడింది. తను లావెక్కినందుకు కాదు. మా కాటా గుర్తొచ్చి.

ఆ రోజే వచ్చి చెప్పొచ్చు కదా అని మీరంటారు. నేనూ అన్నాను. ఆయన లెక్క వేరు. తప్పు ఒప్పుకుంటే రాళ్ళు ఎందుకు తేలేదని అడుగుతారు. అక్కడినుంచి మాత్రల దాకా తాడు లాగినట్టు వచ్చేస్తుంది. మనసు బాగోలేక మందులు మింగేవాడు వేసిన ముద్రను ఏ కొట్టువాడు నమ్ముతాడు? ఇరవై రెండేళ్ళుగా ఆయనకున్నది ఆ నమ్మకం ఒక్కటే. భార్య లేదు, పిల్లలు లేరు, స్నేహితులంటూ ఎవరూ లేరు. ఊళ్ళో ఏ వీధిలో నడిచినా ‘అరవై రెండు గారూ’ అని ఒక పిలుపు మాత్రం ఉంది. అదీ పోతే ఇంకేం మిగులుతుందన్నాడు.

అందుకని ఆయనొక ఉపాయం ఆలోచించాడు. లోకంలో కాటా మనిషికి తప్ప ఇంకొకరికి తట్టని ఉపాయం. కాటాను సరిచేయడం మానేసి, కాటా చెప్పినట్టు తను సరిపోవాలనుకున్నాడు. గుట్టుగా అరవై రెండుకు దిగిపోతే, అప్పుడు ఏదో వంకన మళ్ళీ మా కాటా ఎక్కి, దానికి నిజం చెప్పేసి రావచ్చు. ఎవరూ ఏమీ అడగరు. లావెక్కించింది మాత్రలే కాబట్టి ఆ మర్నాటి నుంచే మాత్రలు మానేశాడు. క్యారియరులో సగం తిని సగం కాగితంలో చుట్టి పారేసేవాడు.

సరిగ్గా అప్పుడే మరదలు బాల్కనీలోంచి వేళాకోళం మొదలుపెట్టింది. ఆ పిల్లకేం తెలుసు? “బావగారూ, పెళ్ళికొడుకులా ఒళ్ళు చేశారు! మాకు చెప్పకుండా ఎవరినైనా చూసుకున్నారేంటి?” అనేది. తమ్ముడు వెనకనుంచి నవ్వేవాడు. ఈయన తల పైకెత్తి తనూ నవ్వి, క్యారియరు విప్పుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకునేవాడు.

మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో మాకు తెలుసు, ఆయనకు తెలియదు. మూడో రోజునుంచి తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు ఝల్లుమనేది. నేల ఒక పక్కకు ఒరిగేది. చెమటలు. చిన్న మాటకు ఏడుపు. వారానికి షట్టరు మళ్ళీ సగానికి దిగింది. రెండు వారాల్లో ఒకటిన్నర కిలోలు తగ్గాడు. ఇంకా ఆరున్నాయని లెక్క వేసుకుంటూ ఆ సగం వెలుతురులో కూర్చున్నాడు. అదంతా ఒక్కడే పడ్డాడు. పైన మనుషుల అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉండేదట. కర్రతో కప్పును తడితే చాలు, దిగి వచ్చేవాళ్ళే. తట్టలేదు.

నెల తిరిగి ఆయన రావాల్సిన రోజు వచ్చింది. రాకపోతే నేను మనిషిని పంపుతానని తెలుసు, ఎందుకంటే నేను పంపే రకాన్ని. అందుకని లేచి, సంచీ తగిలించుకుని వచ్చి, చివరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొహం చూసి నిద్రలేదేమో అనుకున్నాను. నా తొందరలో నేనున్నాను. ఆయనకు ముందు ఒకావిడ ఉంది.

ఆవిడ ఒక బడి గ్రంథాలయంలో పనిచేస్తుంది. నెమ్మదైన మనిషి, మాట బయటికి రావాలంటే పది నిమిషాలు పడుతుంది. రెండు నెలలకొకసారి వస్తుంది. కిందటిసారి యాభై తొమ్మిది. ఇప్పుడు కాటా యాభై ఎనిమిదిన్నర చూపించింది. బాగా తగ్గారని మెచ్చుకోబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. లావెక్కానంది. బట్టలేవీ పట్టడం లేదంది. వేలికి ఉంగరం బిగుసుకుపోతే కత్తిరించాల్సి వచ్చిందని, ఎర్రగా కమిలిన వేలు చూపించింది. ఎప్పుడూ ఆకలేస్తోందంది.

నా వెనక పద్దెనిమిది మంది ఉన్నారు. నాకు విసుగొచ్చింది. “పెరిగింది ఒళ్ళు కాదమ్మా, దిగులు. కాటా కళ్ళముందు చెబుతుంటే కాదంటారేంటి? అదంతా మీ ఊహ” అన్నాను. గొంతు తగ్గించుకుని కూడా అనలేదు.

ఆవిడ కాటా దిగలేదు. అలాగే నిలబడి ఆ అంకెను చూసింది.

“మా ఇంట్లో నా దిగులు ఊహ అన్నారు సిస్టర్. సరేననుకున్నాను. నిద్ర పట్టకపోవడం ఊహ అన్నారు. సరేననుకున్నాను. ఇప్పుడు నా ఒళ్ళు కూడా ఊహేనంటే, ఇక నాలో నిజమేదో మీరే చెప్పండి” అంది.

ఆవిడ దిగి చెప్పులేసుకుంది. డాక్టరమ్మను ఒకసారి చూసి చెప్పేసి పోతానంది, ఈ మాత్రలు ఇక తనకొద్దంది. ఆవిడ ఫైలు మొదటి పేజీలో ఏముందో నాకు తెలుసు. ఆ మాత్రలు మొదలుపెట్టకముందు ఆవిడను ఇక్కడికి ఎలా తీసుకొచ్చారో, ఎంత ఆలస్యమైతే ఏమయ్యేదో తెలుసు. అవి మానకూడని మనిషి ఆవిడ. డాక్టరమ్మ కింద వార్డుల్లో ఉంది, వచ్చేసరికి గంట పడుతుంది. కూర్చోండమ్మా, మాట్లాడదాం అని బతిమాలాను. కూర్చుంది. అటు తిరిగి చూసేసరికి చివరి బెంచీలో అరవై రెండు గారు లేరు. సంచీ మాత్రం అక్కడే ఉంది.

ముప్పావుగంటకు మెట్ల మీద ధన్ మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఆయన. ఇరవై కిలోల ఇనపరాయిని రెండు చేతులతో పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ, రొప్పుతూ ఎక్కుతున్నాడు. చొక్కా అంతా చెమట. మనిషి తూలుతున్నాడు. పట్టుకోబోతే వద్దన్నాడు. రాయిని కాటా పక్కన దించి మళ్ళీ కిందికి, తోపుడు బండి దగ్గరికి వెళ్ళాడు. అలా మూడుసార్లు. బెంచీల మీద వాళ్ళందరూ మెడలు చాచి చూస్తున్నారు. చప్పుడుకి ఆఫీసు పెద్దాయన కూడా బయటికొచ్చాడు.

ఆయన మొదటి రాయి ఎత్తి కాటా మీద పెట్టాడు. పద్దెనిమిదిన్నర. రెండోది పెట్టాడు. ముప్పై ఏడు. మూడోది పెట్టాడు. యాభై అయిదున్నర. రాళ్ళ మీద అచ్చుపోసి ఉంది, ఒక్కోటీ ఇరవై కిలోలని. చిన్న పిల్లలు కూడా చదవగలరు.

ఆయన గ్రంథాలయం ఆవిడ వైపు తిరిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“మీది ఊహ కాదమ్మా. తప్పు నాది. ఆ రోజు నేను దీని మీద నిలబడి నేను అరవై రెండని చెప్పాను. అప్పటికే కాదు.”

ఆఫీసు పెద్దాయన ముందుకొచ్చి, రాళ్ళు లేకుండా ముద్ర ఎలా వేశారని గట్టిగానే అడిగాడు. అడగాల్సిన మాటే. బెంచీల నిండా ఊరివాళ్ళు. ఇద్దరు కొట్లవాళ్ళను నేనే గుర్తుపట్టాను.

“ఆ రోజు నేను పనికి రాలేదండి. నా మాత్రలకు వచ్చాను. సంచీ ఊరికే తగిలించుకున్నాను, ఎవరికీ తెలియకూడదని” అన్నాడు ఆయన.

అంతే చెప్పాడు. ఆయన వంగి, మీట నొక్కి, ఆ మూడు రాళ్ళు అరవై అని కాటాకు చెప్పాడు. చెయ్యి వణుకుతూ ఉంటే రెండో చేత్తో మణికట్టు పట్టుకుని నొక్కాడు. రాళ్ళు దించాడు. చెప్పులు విడిచి తను ఎక్కాడు. అరవై ఎనిమిది. “రాసుకోండి సిస్టర్” అన్నాడు. రాశాను.

తర్వాత గ్రంథాలయం ఆవిడ తనంతట తనే లేచి వచ్చి ఎక్కింది. అరవై మూడు చిల్లర. నాలుగు కిలోలు పెరిగానని తెలిసి సంతోషించిన మనిషిని ఇన్నేళ్ళలో నేనెక్కడా చూడలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ముఖం మాత్రం విప్పారింది. “తప్పు నాదమ్మా, నన్ను క్షమించండి” అన్నాను. నా నోటికి ఆ మాట అలవాటు లేదు, అయినా వచ్చింది. ఆవిడ నా వంక చూడలేదు. ఆయన్ని చూస్తోంది.

“మీకూ ఆకలేస్తుందా, అన్నగారూ?” అని అడిగింది.

“చాలా వేస్తుందమ్మా” అన్నాడు.

ఆ ప్రశ్న ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. నేనడగలేదు. డాక్టరమ్మ ‘ఇబ్బందులేమైనా ఉన్నాయా’ అని అడిగింది, అది వేరు. ఆయన గోడవైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు. చెమటే అనుకోమన్నట్టు మెడ కూడా తుడుచుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చాక ఇద్దరితోనూ చాలాసేపు మాట్లాడింది. ఆవిడకు మాత్ర మార్చింది, ఆవిడ వేసుకుంటానంది. ఆయన్ని, చెప్పకుండా మానేసినందుకు మెత్తగానే చీవాట్లు పెట్టి, మళ్ళీ సగం మాత్ర నుంచి మొదలుపెట్టించింది. బరువు సంగతి, వణుకు సంగతి ప్రతి నెలా విడివిడిగా అడిగి రాయమని నాకు చెప్పింది. ఆ ఎనిమిది వారాల్లో బరువు చూసిన ప్రతి ఒక్కరి కాగితం నేను బయటికి తీసి, లెక్కగట్టి, ఎర్ర సిరాతో దిద్దాను. నా నడక ఉపన్యాసాల గొప్పతనం ఏపాటిదో ఆ కాగితాల మీద తేలిపోయింది.

సంగతి సాయంత్రానికల్లా ఊళ్ళో పాకింది. ముగ్గురు కొట్లవాళ్ళు వేరే మనిషిని పిలిపించుకుని తమ కాటాలు మళ్ళీ చూపించుకున్నారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా వాళ్ళు ఈయన్ని మళ్ళీ పిలవలేదు. గోదాము యజమాని మాత్రం పిలిచాడు. ఇప్పుడాయన కాటా ఎక్కడు, ఎక్కడికి వెళ్ళినా రాళ్ళు మోసుకుపోతాడు. వీధిలో ‘అరవై రెండు గారూ’ అనే పిలుపు తగ్గింది. ఆ మాట నోటిదాకా వచ్చి, మధ్యలో మింగేసి, ‘ఏమండీ’ అంటున్నారట.

మరదలు వేళాకోళం మానేసింది. ఆ పిల్ల మంచిదే, తెలిశాక ఏడ్చిందని తమ్ముడు ఆయనతో చెప్పాడట. పైకి వచ్చి తమతో తినమని ఒకసారి పిలిచారు కూడా. వెళ్ళాడు. అందరూ ఆసుపత్రిలో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడారు. కంచంలో ఎంత పెట్టాలో తెలియక మరదలు గరిటె పట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు క్యారియరు రెండు పూటలా మాటా పలుకూ లేకుండా కిందికి దిగుతుంది, మాటా పలుకూ లేకుండా పైకి పోతుంది. ముందు వాళ్ళ నవ్వంటే భయంగా ఉండేదనీ, ఇప్పుడు అదైనా ఉంటే బాగుండుననిపిస్తోందనీ ఆయన నాతో అన్నాడు. నేనేం చెప్పను? నాకు మందుల పేర్లు తెలుసు, దానికి మందు తెలియదు.

మరుసటి నెల ఆయన వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి, భుజాన సంచీ లేదు. గ్రంథాలయం ఆవిడ వచ్చే నెల కాదది. ఆయన పక్కన బెంచీ మీద చోటుంది కానీ ఎవరూ కూర్చోలేదు, జనం నిలబడే ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. కూర్చోవడానికి మీకేమొచ్చిందని కేకేయబోయాను. ఆయన కళ్ళతోనే వద్దన్నాడు.

వంతు వచ్చింది. అంకె చెప్పి రాసుకోమంటాడేమోనని ఒక క్షణం ఆగాను. ఆయన చెప్పులు విడిచి, కాటా ఎక్కి, తిన్నగా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఎంతమ్మా?” అన్నాడు.

డెబ్బై. మళ్ళీ రెండు పెరిగాయి. చెప్పడానికి నాకు నోరు రాలేదు, నాకే! ఎలాగో చెప్పాను. నొచ్చుకుంటాడేమోనని మొహంలోకి చూశాను. ఆయన అప్పుడు తల వంచి ఆ అంకెను చూశాడు. నిదానంగా, పనిలో ఉన్నప్పుడు చూసినట్టు చూశాడు.

“సరిగ్గానే చూపిస్తోందమ్మా” అన్నాడు.

దిగి చెప్పులేసుకుని, వెళ్ళి మళ్ళీ అదే బెంచీలో కూర్చున్నాడు.